పొడి స్నానాల గది

కొత్తలింగాల ఉద్యోగుల క్వార్టర్లలో బి బ్లాకు వాళ్లు చెప్పులేసుకుని స్నానం చేసేవాళ్లు. అది వాళ్ల ఆచారం కాదు, అవసరం. ఒట్టి కాళ్లతో నిలబడి నల్లా ముట్టుకుంటే మోచేతి దాకా జుమ్ముమనేది. పాతకాపులు నల్లాను చేత్తో ముట్టేవాళ్లే కాదు, కర్ర తెడ్డు మొనతో తిప్పేవాళ్లు. కొత్తగా కాపురానికి దిగినవాళ్లకు పక్కింటివాళ్లు గ్లాసెడు పాలతో పాటు ఒక తెడ్డు కూడా ఇచ్చి రావడం అక్కడి మర్యాద.

ఈ మర్యాద గురించి జంగిలి ఓదెలుకు గృహవసతి మండలిలో సహాయ ఇంజనీరుగా చేరిన మూడో వారంలో తెలిసింది. ఓదెలు తండ్రి గొర్లు కాస్తాడు, తల్లి బీడీలు చుడుతుంది. వాళ్ల ఇంటిపేరున్న వాళ్లలో కాలేజీ మెట్లెక్కినవాడు ఇతనే. పుస్తకంలో ఉన్నది లోకంలోనూ ఉండాలనీ, లేకపోతే ఉండేటట్టు చేయడానికే తనకు జీతమిస్తున్నారనీ అతను మనస్ఫూర్తిగా నమ్మాడు. ఆ నమ్మకంతోనే టెస్టరు జేబులో పెట్టుకుని ఆరో నంబరు ఇంటి తలుపు కొట్టాడు.

ఆ ఇల్లు రాజవ్వది. సర్కారు దవాఖానలో ఆయా. కూతురు పట్నంలో బట్టల కంపెనీలో పనిచేస్తుంది కనుక ఐదేళ్ల మనవరాలు మనీష ఈమె దగ్గరే పెరుగుతోంది. పిల్ల ఆ మధ్య తలస్నానానికి వచ్చి, అలవాటు తప్పి, నల్లాను చేత్తో పట్టుకుంది. పట్టుకున్నది వదలలేకపోయింది. రాజవ్వ తెడ్డుతో కొట్టి విడిపించింది. వాచిన చెయ్యి చూసిన డాక్టరు, అది కరెంటు వాపో తెడ్డు వాపో తేల్చలేకపోయాడు.

"గప్పటి సంది నీళ్ల సప్పుడు వింటెనే ఏడుస్తున్నది సారూ," అంది రాజవ్వ. "పదకొండు దినాలాయె తానం చేపిచ్చి. బడిల పంతులమ్మ దూరం కూసోబెడ్తున్నదట."

మనీష తలుపు చాటు నుంచి తొంగి చూసింది. చెయ్యి మాత్రం వెనకే దాచుకుంది.

ఓదెలు నల్లాకు టెస్టరు ఆనించాడు. అందులో ఎర్ర దీపం వెలిగింది. విచిత్రమేమిటంటే రాజవ్వ ఇంట్లో గీజరే లేదు. ఇరవై నాలుగు ఇళ్లకూ ఇనుప పైపు ఒకటే కనుక ఎవరి గీజరులోనో కారిన కరెంటు ఇంకెవరి నల్లాలోనో తేలుతోంది. ఎవరి గీజరని అడిగితే అందరూ తమది కాదన్నారు.

ఇలా తప్పించుకున్న కరెంటు మనిషిలోంచి కాకుండా నేలలోకి దిగిపోవడానికి వేసే దారినే ఎర్తింగు అంటారు. ఓదెలు ఆ తీగ వెంట పోయాడు. తీగ మూడంతస్తులూ బుద్ధిగా దిగింది. నేలకు ఇంకా నాలుగడుగులు ఉందనగా పక్కకు తిరిగి, ప్రహరీ గోడ మేకుకు చుట్టుకుని ఆగిపోయింది. దాని మీద ఎవరివో రెండు లుంగీలు, ఒక దుప్పటి ఆరుతున్నాయి. కాంట్రాక్టరు ఇచ్చిన కాగితాల్లో మాత్రం అక్కడ ఎనిమిదడుగుల గుంత ఉంది.

"పదిహేను రోజులు అవ్వా," అన్నాడు ఓదెలు. "గుంత తవ్వి, పైపు దింపి, తీగ కలిపితె అయిపోతది. పదిహేను రోజులల్ల పిల్ల ఒట్టి కాళ్లతోటి నల్లా ముట్టుకుంటది. నాది జిమ్మ."

"గిదే మాట నీకంటె ముందొచ్చినోళ్లు ముగ్గురు చెప్పిండ్రు బిడ్డా. మాట ఇచ్చుడే ఆలస్యం, బదిలీ అయి పోయిండ్రు. నువ్వు కొత్తోనివి. నీకు బదిలీ ఇప్పుడప్పుడే రాదులే," అని రాజవ్వ అతనికి చాయ్ పోసింది.

ఆఫీసులో హెడ్ క్లర్కు గౌస్‌మియా ఇరవై ఎనిమిదేళ్లుగా కాగితాలు చూస్తున్న మనిషి. ఓదెలు రిపోర్టు రాయడానికి కూర్చోగానే కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఓదెలు సాబ్, నా మాట విను. గుంత కావాలె, తీగ కావాలె అని రాయి. కింద సంతకం పెట్టు. మూడో లైను రాయకు. మూడో లైన్ల నుంచే కమిటీలు పుడ్తయి."

మంచి సలహానే. కానీ ఓదెలుకు నాలుగేళ్లు చదివిన చదువు గొంతు దాకా ఉంది. దాన్ని అడిగినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు. రిపోర్టుకు రెండు పేజీల అనుబంధం చేర్చాడు. స్నానాల గదిలో వాడే లైటుకూ స్విచ్చికీ తడిని ఎంత ఓర్చుకుంటాయో చెప్పే అంకె ఉండాలని రాశాడు. ఐపీ అనే రెండక్షరాల పక్కన రెండంకెలు ఉంటాయి, మొదటిది దుమ్ముకు, రెండోది నీటికి. రెండో అంకె సున్నా అయితే చుక్క పడ్డా ఓర్వదు, నాలుగైతే ఏ వైపు నుంచి చిమ్మినా ఓర్చుకుంటుంది, ఏడైతే కాసేపు నీళ్లలో మునిగినా బతుకుతుంది. మన క్వార్టర్లలో ఉన్నవన్నీ సున్నావే. స్నానాల టబ్బు లోపలిది సున్నా మండలం, టబ్బు పైన ఒకటో మండలం, అంచు నుంచి అరవై సెంటీమీటర్ల దాకా రెండో మండలం అని బొమ్మ కూడా గీశాడు. చివర్లో, చదివినవాళ్లకు సులువుగా అర్థం కావాలని, ఒక వాక్యం అండర్‌లైను చేశాడు: "గది తడి స్థాయి, పరికరం ఓర్పు స్థాయి రెండూ సరిపోలవలెను."

గౌస్‌మియా చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పదిహేను రోజులన్నవా ఆ ముసలామెకు? అయ్యో."

పర్యవేక్షక ఇంజనీరు పరాంకుశం గారు ఆ వాక్యాన్ని మూడుసార్లు పైకి చదివారు. ఆయన బల్ల వెనక గోడ మీద ఆయనకు వచ్చిన ప్రశంసాపత్రాలు ఆరు ఉన్నాయి. ఏడో మేకు ఖాళీగా ఉంది.

"అద్భుతం. కానీ మీరు గుంత అంటున్నారు. గుంత అనేది తాత్కాలిక ఉపశమనం, మిస్టర్ ఓదెలు. మనకు కావలసింది విధానం. తడి ఎంత ఉందో కొలవకుండా తడి మీద చర్య తీసుకోవడం శాస్త్రీయ దృక్పథం అనిపించుకోదు. మన క్వార్టర్లలో టబ్బులు ఉన్నాయా?"

"లేవు సార్. బకెట్లు ఉన్నయి."

"అయితే టబ్బు అన్న చోటల్లా బకెట్టు అని చదువుకోవలెను. గౌస్‌మియా, రాసుకోండి."

"బకెట్టు ఒక్కచోట ఉండదు గద సార్," అన్నాడు గౌస్‌మియా రాసుకుంటూనే. "జరుగుతది."

"జరిగితే మండలం కూడా దానితో జరుగును. నియమం దేన్నీ వదిలిపెట్టదు."

అట్లా తడి స్థాయి నిర్ధారణ కమిటీ పుట్టింది. కన్వీనరు ఓదెలు.

కమిటీ సర్వేకు ఇరవై రెండు ప్రశ్నల నమూనా తయారైంది. నీళ్లు నెత్తిన పోసుకుంటారా, భుజాన పోసుకుంటారా? జగ్గు ఎంత ఎత్తు నుంచి వంచుతారు? సబ్బు కళ్లలో పడినప్పుడు ఏ దిక్కుకు తడుముకుంటారు? స్నానం చేస్తూ పాడతారా? పాడితే తల ఊపుతారా?

మొదటి ఇల్లు ఆర్టీసీ కండక్టరు కనకయ్యది. ఆయన బనీను, లుంగీ మీద బకెట్టు దగ్గర కూర్చున్నాడు. కమిటీ సభ్యులు సుద్దముక్కతో బకెట్టు చుట్టూ మండలాలు గీశారు. కనకయ్య జగ్గు ఎత్తి, "హర హర" అని పోసుకున్నాడు. నీళ్లు పైకప్పు దాకా లేచాయి. గీతలన్నీ కొట్టుకుపోయాయి. మళ్లీ గీశారు. మళ్లీ పోసుకున్నాడు. మళ్లీ పోయాయి. నాలుగోసారికి కనకయ్యకు తుమ్ములు మొదలయ్యాయి.

"ఎన్ని తానాలు జేపిస్తర్రా నాయినా! నేనేమన్న శవాన్నా?"

సంగతి పైకి తెలియజేస్తే పరాంకుశం గారి నుంచి గంటలో జవాబు వచ్చింది. నీరు కొలతలకు ఆటంకం కలిగిస్తున్నందున సర్వే స్నానాలన్నీ ఖాళీ జగ్గుతో జరుపవలెను. అభినయం యథాతథంగా ఉండవలెను.

అప్పటినుంచి పని చకచకా సాగింది. ఇళ్లకు ఇళ్లు ఖాళీ బకెట్ల ముందు కూర్చుని ఉత్తి జగ్గులు నెత్తిన వంపుకున్నాయి. కొందరు వీపు కూడా రుద్దుకున్నారు. చిమ్మిన దూరం: శూన్యం. తడి: శూన్యం. రెండు రోజుల్లో ఇరవై మూడు ఇళ్లు ముగిశాయి. ఆఖరిది రాజవ్వ ఇల్లు.

"ఒట్టి జగ్గుతోటి తానం చెయ్యాల్నా?" అంది రాజవ్వ. "గా తానం మా మనీష నెల సగం సంది చేస్తనే ఉన్నది. రాసుకోండ్రి. ఇంతకు గుంత ఎప్పుడు తవ్వుతవ్ బిడ్డా?"

"ముందు సర్వే కావాలె అవ్వా."

"నల్లా కొడ్తదని చెప్పినంక కూడ సర్వేనా? పాము కరిచినోని దగ్గరికొచ్చి పాము పొడుగెంత అని అడిగినట్టున్నది."

ఓదెలు తల వంచుకుని నమూనా నింపాడు. చిమ్మిన దూరం: శూన్యం. రాస్తుంటే అది తప్పని అతనికి తెలుసు. కానీ కొలిచిన చోట కొలతే రాయాలని కాలేజీలో చెప్పారు, కొలతేమో సున్నా వచ్చింది.

రెండో సమావేశంలో పరాంకుశం గారి ముఖం వెలిగిపోతోంది. తడి ఓర్చే స్విచ్చులు, లైట్లు మండలి రేట్ల పట్టికలోనే లేవు. పట్టికలో లేనిదాన్ని కొనడానికి పట్టికను సవరించాలి, అందుకు మూడేళ్లు. సభలో అందరూ నిట్టూర్చాక ఆయన ఓదెలు అండర్‌లైను చేసిన వాక్యాన్ని గోడ మీది తెర మీద పెద్దగా చూపించారు.

"గది తడి స్థాయి, పరికరం ఓర్పు స్థాయి సరిపోలవలెను. ఇది మన యువ మిత్రుని వాక్యం. పరికరాల స్థాయి ఎంత? సున్నా. సర్వే ప్రకారం గదుల తడి ఎంత? సున్నా. మిత్రులారా, సరిపోలినవి!"

చప్పట్లు మోగాయి. ఓదెలు లేచి నిలబడ్డాడు.

"సార్, కానీ వాళ్లు అండ్ల స్నానం చేస్తరు గద సార్."

"ఇకపై చేయరు," అన్నారు పరాంకుశం గారు ఎంతో దయగా.

మర్నాడు ప్రతి తలుపుకూ కాగితం అంటించారు. "ఇందుమూలముగా సమస్త నివాసితులకు తెలియజేయడమేమనగా, బి బ్లాకులోని ఇరవై నాలుగు స్నానాల గదులు తడి సర్వేలో శూన్య తడి నమోదు చేసినందున సదరు గదులను పొడి గదులుగా ప్రకటించడమైనది. పొడి గదిలో నీటిని వినియోగించినచో గది తన హోదాను కోల్పోవును. హోదా నష్టమునకు సదరు నివాసియే బాధ్యుడు." స్నానాల గది నల్లాలన్నిటికీ సీసపు సీళ్లు వేశారు. తలుపుల మీద నీలం రంగుతో "పొడి గది" అని రాయించారు. పెయింటరు ఉత్సాహవంతుడు, కింద ఒక గొడుగు బొమ్మ కూడా వేశాడు.

జనం ఊరుకుంటారా? బకెట్లు హాల్లోకి, వంటింట్లోకి వచ్చాయి. బకెట్టు ఎక్కడుంటే సున్నా మండలం అక్కడే కనుక ఇప్పుడు టీవీలు సున్నా మండలంలో పడ్డాయి. మిక్సీలు ఒకటో మండలంలో పడ్డాయి. రెండో సర్క్యులరు బకెట్లను గదుల్లో నిషేధించింది. జనం మెట్ల కింద స్నానం చేసి, తువ్వాలు చుట్టుకుని పైకి పరుగెత్తారు. అప్పుడు మూడో సర్క్యులరు వచ్చింది. పరాంకుశం గారు దాన్ని ఒంటిచేత్తో రాశారని ఆఫీసులో గర్వంగా చెప్పుకున్నారు.

"తడిసిన వ్యక్తి స్వయంగా తడిని మోసుకుపోవుచున్నందున సదరు వ్యక్తిని సంచార తడి మండలముగా పరిగణించవలెను. సంచార మండలము ఆరునంతవరకు విద్యుత్ పరికరములున్న ఏ గదిలోనికి ప్రవేశించరాదు. ఆరినట్లు ధ్రువీకరించుటకు ఆరుదల అధికారిని నియమించడమైనది."

ఆరుదల అధికారి కూడా ఓదెలే. రోజూ పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ల నెత్తిన అద్దుడు కాగితం ఒత్తి చూడడం అతని పని. కాగితం మీద మచ్చ పడితే వెనక్కి, పడకపోతే రశీదు.

"నా బట్టతల రెండు నిమిషాలల్ల ఆరింది, నేను డ్యూటీకి పోతున్న," అన్నాడు కనకయ్య. "మా ఇంటామెకు మోకాళ్ల దాక జుట్టాయె. ఆమెను పగటియాల్ల దాక ఈడనే కూసోబెడ్తవా? మరి నాకు అన్నమెవలు వండుతరు, నీ మండలమా?"

"నియమం అన్నా," అన్నాడు ఓదెలు.

"నియమమా! నువ్వు గొర్లు కాసినోళ్ల కొడుకువట గద. గొర్లు నయం, తడిస్తె దులుపుకొని పోతయి."

ఓదెలు అతని రశీదు చింపి ఇచ్చాడు. నిజానికి అతను ఈ మధ్య రెండుసార్లు గుంత కోసం విడిగా దరఖాస్తు పెట్టాడు. మొదటిది ఎక్కడో ఆగిపోయింది. రెండోదానికి జవాబు వచ్చింది: ఎర్తింగు గుంతలో ప్రతిరోజు నీరు పోయవలసి ఉండునని దరఖాస్తుదారుడే అంగీకరించినందున అది తడి మండలము, మండలి ఆవరణలో కొత్త తడి మండలములకు అనుమతి లేదు.

ఇంతలో జనం తెలివిమీరారు. కనకయ్య డిపోలో బస్సులు కడిగే గొట్టం కింద స్నానం చేసి వచ్చేవాడు. కొందరు చుట్టాల ఇళ్లకు పోయేవాళ్లు. ఇంకొందరు మానేశారు. రశీదుల సంఖ్య పడిపోయింది. తడి మనుషులు డెబ్బై శాతం తగ్గారని పరాంకుశం గారు పైకి నివేదిక పంపారు.

నల్లాలు మాత్రం కొడుతూనే ఉన్నాయి. వంటింటి నల్లా కూడా అదే ఇనుప పైపుది. స్నానాల గదికి సీలు పడ్డాక అన్ని నీళ్లకూ అదొక్కటే దిక్కయింది.

ఒక శుక్రవారం పొద్దున రాజవ్వ మెట్లు దిగి ఓదెలు కుర్చీ ముందు నిలబడింది. చేతికి మనీష వేలాడుతోంది. పిల్ల రెండో చేతిలో తెడ్డు ఉంది. పిల్ల పొడుగుకు సరిపడేటట్టు కోసిన చిన్న తెడ్డు.

"కాగితం తియ్యి సారూ, ఒత్తి చూడు. పొడిగనే ఉన్నది," అంది రాజవ్వ. "రాత్రి దూపైతుందని నీళ్లకు పోయి నల్లా ముట్టుకున్నదట. అది ఎత్తి గోడకు కొట్టేసింది. నేను డ్యూటీల ఉంటి. పక్కింటామె చూడకుంటె..." ఆమె పిల్లను దగ్గరికి లాక్కుంది. "పదిహేను దినాలంటివి. యాభై రెండు దినాలాయె. నేనేం నిన్ను తిడ్తలేను. ఇగ తెడ్డు పిల్లకే ఇచ్చిన. నేర్సుకుంటది."

మనీష తెడ్డును ఓదెలుకు చూపించింది. "నాదే," అంది.

ఓదెలు చేతిలోని అద్దుడు కాగితాల కట్ట వైపు చూశాడు. అందులో ఒక్కటి తీసి, వెనక వైపు ఒక జాబితా రాసి, ఆఫీసుకు పోయి గౌస్‌మియా ముందు పెట్టాడు. ఎనిమిదడుగుల ఇనుప పైపు. బొగ్గు నాలుగు బస్తాలు. గల్లుప్పు రెండు బస్తాలు. రాగి తీగ. ఇంటికొకటి చొప్పున, కరెంటు లీకైతే రెప్పపాటులో లైను కోసేసే బ్రేకర్లు.

గౌస్‌మియా చదివాడు. "మూడో లైను లేదు," అన్నాడు సంతోషంగా. "బొగ్గు మా బావమర్ది హోటల్ల ఉంటది. ఆదివారం ఆఫీసుకు సెలవు."

ఆదివారం పొద్దున కనకయ్య పలుగు పట్టాడు. ఇంటికొకరు చొప్పున తట్టలెత్తారు. బ్రేకర్లు ఎవరిది వాళ్లే తెచ్చుకున్నారు. బొగ్గు ఒక పొర, ఉప్పు ఒక పొర, నడుమ పైపు. బట్టలారేసుకున్న తీగను మేకు నుంచి విప్పి, లుంగీలు ఎవరివి వాళ్లకిచ్చి, పైపుకు బిగించి, బ్లాకు నీళ్ల పైపుకూ ప్రతి ఇంటి బోర్డుకూ కలిపాడు ఓదెలు. మధ్యాహ్నానికి మెయిను వేశాడు. వేసీవేయగానే మూడు ఇళ్లలో బ్రేకర్లు పడిపోయాయి. లీకయ్యే గీజర్లు ఆ మూడే. వాటిలో ఒకటి కనకయ్యది. కనకయ్య చాలాసేపు ఆకాశం వైపు చూశాడు.

ఓదెలు రాజవ్వ వంటింట్లో నల్లాకు టెస్టరు ఆనించాడు. దీపం వెలగలేదు. చెప్పులు విప్పి, తడి నేల మీద నిలబడి, తనే ముందు పట్టుకున్నాడు. తర్వాత మనీషను రమ్మన్నాడు. పిల్ల తెడ్డుతో తట్టింది. వేలితో తట్టింది. అరచెయ్యి ఆనించింది. "కొడ్తలేదు," అంది, నల్లా మీద కొంచెం అనుమానంతో.

సాయంత్రానికి సీసపు సీళ్లు కూడా ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఎలుకలు కొరికినట్టు ఓదెలు రికార్డులో రాశాడు. అది అతని ఉద్యోగ జీవితంలో మొదటి అబద్ధం.

అప్పుడు మొదలైంది అసలు భయం. బుధవారం పరాంకుశం గారి తనిఖీ. అనుమతి లేని తవ్వకం కంట పడితే గుంత పూడ్చేస్తారు, ప్రొబేషనులో ఉన్నవాణ్ణి ఇంటికి పంపేస్తారు. ఓదెలు పైపు మీద గోనెసంచి కప్పి చూశాడు. ముళ్లకంప పెట్టి చూశాడు. ఏది పెట్టినా దాచినట్టే ఉంది. రాజవ్వ వచ్చి అవన్నీ తీసి పారేసింది. పైపు చుట్టూ పేడతో అలికి, ముగ్గు వేసి, పైపు మొనకు పసుపు రాసి, కుంకుమ పెట్టింది.

"అవ్వా! అది ఎర్తింగు పైపు!"

"భూమిలకు పోయేదే గద బిడ్డా. భూమికి బొట్టు పెడితె తప్పా?"

"తప్పని గాదు. ఇది సైన్సు. రేపు నలుగురు మొక్కితె నేను చదివిన చదువు ఏం గావాలె?"

"దీనికి దినాం నీళ్లు పొయ్యాలన్నవ్. ఎవలు పోస్తరు? నీ మండలి పోస్తదా? నెల దినాలు నువ్వు పోస్తవ్, మల్ల బదిలీ అయి పోతవ్. బొట్టు పెడితె అందరు పోస్తరు. నీ చదువు లోపలుంటది, నా బొట్టు పైనుంటది. దానికి దీనికి కొట్లాటేంది?"

సాయంత్రానికి పైపుకు గొట్టాలమ్మ అని పేరు కూడా వచ్చింది. మర్నాటి పొద్దుటికి బి బ్లాకు ఆడవాళ్లు వరుసకట్టి గొట్టాలమ్మకు చెంబులతో నీళ్లు పోస్తున్నారు. కనకయ్య కొబ్బరికాయ కొట్టాడు.

బుధవారం పరాంకుశం గారు ఇద్దరు అధికారులతో, ఒక ఫొటోగ్రాఫరుతో వచ్చారు. వంటింటి నల్లాలకు టెస్టర్లు పెట్టించారు. ఎక్కడా దీపం వెలగలేదు. ఇరవై నాలుగు ఇళ్లలోనూ సున్నా. ఆయన ఆనందంతో వరండాలో అటూ ఇటూ తిరిగారు.

"చూశారా! గది పొడిబారితే కరెంటు దానంతటదే శాంతిస్తుంది. ఇది ప్రపంచానికి మనమిచ్చే సూత్రం." అంతలో ఆయన చూపు పెరట్లో పడింది. "అదేమిటి?"

ఓదెలు నోరు తెరిచేలోపే రాజవ్వ ముందుకు వచ్చింది.

"గొట్టాలమ్మ సారూ. మా తల్లి. ఈమె వచ్చినంక మాకు ఏ దెబ్బా తాకలే."

పరాంకుశం గారు బూట్లు విప్పారు, కాళ్లు కడుక్కున్నారు, రాజవ్వ ఇచ్చిన చెంబుతో పైపు మీద నీళ్లు పోసి కళ్లు మూసుకున్నారు. తెరిచాక తన వెంట వచ్చినవాళ్లతో గంభీరంగా అన్నారు: "అమ్మవారి చుట్టూ మూడడుగుల మేర మన పరిధి కాదు. రాసుకోండి."

ఇక మిగిలింది పొడి గదుల లోపలి తనిఖీ. ఆ ఉదయం ఇరవై నాలుగు కుటుంబాలూ ఆ గదుల్లోనే హాయిగా స్నానం చేసి ఉన్నాయి, నేల ఇంకా ఆరలేదు. పరాంకుశం గారు తలుపు దాకా వచ్చి గొళ్లెం మీద చెయ్యి వేశారు. గౌస్‌మియా మెల్లగా దగ్గాడు.

"సార్, కాళ్లు తడిగ ఉన్నయి."

"అయితే?"

"మూడో సర్క్యులరు సార్. ప్రస్తుతం తమరు సంచార తడి మండలం."

పరాంకుశం గారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆయన ముఖంలో కోపం కాదు, తన నియమం తనను కూడా వదలలేదన్న తృప్తి కనిపించింది. "నియమం నియమమే," అన్నారు. మూసిన తలుపు మీది గొడుగు బొమ్మ పక్కన నిలబడి ఫొటో దిగారు.

పోతూ పోతూ ఒక కాగితం ఓదెలు ముందు పెట్టించారు. పొడి గది విధానం అమలు చేసినందువల్లనే బి బ్లాకులో విద్యుదాఘాతాలు సున్నాకు చేరినవని క్షేత్రస్థాయి ఇంజనీరు ధ్రువీకరించవలెను. అది రాగానే రాష్ట్రంలోని అన్ని క్వార్టర్లకూ విధానం విస్తరిస్తుంది.

ఓదెలు పెన్ను మూత తీసి మళ్లీ పెట్టేశాడు.

"ఇది అబద్ధం భాయ్. దీన్ని నమ్మి ఊరూరా నల్లాలకు సీళ్లేస్తరు. ఎక్కడ్నో ఎవలో చస్తరు."

"నిజం రాయి మరి," అన్నాడు గౌస్‌మియా. "రేపు జేసీబీ వస్తది. గుంత పూడుస్తరు. నిన్ను పంపిస్తరు. సీళ్లు ఎట్లైనా వేస్తరు, నువ్వు లేకుండనే వేస్తరు."

పై అంతస్తు వంటింటి కిటికీలోంచి నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. మనీష పలక కడుక్కుంటోంది. తలస్నానం చేసి రెండు జడలు వేసుకుని, చెప్పులు లేకుండా పీట మీద నిలబడి ఉంది. ఓదెలు సంతకం పెట్టాడు. అంత పెద్ద చదువు చదివి నేర్చుకున్న సంతకం ఆ రోజు చాలా చిన్నగా పడింది.

నెల తిరక్కుండానే పరాంకుశం గారి గోడ మీద ఏడో మేకుకు ప్రశంసాపత్రం వేలాడింది. రాష్ట్రంలోని సహాయ ఇంజనీర్లందరికీ జిల్లా కేంద్రంలో శిక్షణ పెట్టారు. పాఠం చెప్పే పని ఓదెలుకు పడింది. అతను పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మండలాల బొమ్మలు చూపించాడు, అద్దుడు కాగితం ఎలా ఒత్తాలో చేసి చూపించాడు. నలభై మంది శ్రద్ధగా రాసుకున్నారు.

భోజనాల దగ్గర అరుంధతి అనే అమ్మాయి పళ్లెం పట్టుకుని పక్కకు వచ్చింది. నిరుడే ఉద్యోగంలో చేరిందట. బూర్గుపాడు క్వార్టర్లు ఆమెవి.

"అన్నా, ఒక్కమాట. మా దగ్గర అన్నీ చేసినం. సీళ్లేసినం, బోర్డులు రాయించినం. అయినా నల్లాలు కొడ్తనే ఉన్నయి. మొన్న వాచ్‌మన్ భార్యను ఎత్తి పడేసింది. ఆమె నెలలు నిండిన మనిషి." ఆమె గొంతు తగ్గించింది. "మీ దగ్గర సున్నా ఎట్లొచ్చింది? నిజం చెప్పు."

ఓదెలు వేదిక వైపు చూశాడు. పరాంకుశం గారు పత్రికలవాళ్లకు సూత్రం వివరిస్తున్నారు. అతను శిక్షణ పుస్తకం వెనక అట్ట తిప్పి, జేబులోంచి పెన్ను తీశాడు.

"మీ క్వార్టర్లల్ల అందరు మాట వినే పెద్దమనిషి ఎవలన్న ఆడామె ఉన్నదా?"

"ఉన్నది. పాలు పోసే లచ్చవ్వ. ఎందుకు?"

"ముందుగాల ఆమెకు చెప్పు. ఆదివారం మొదలువెట్టుండ్రి. ఎనిమిది ఫీట్లు తవ్వాలె. బొగ్గు ఒక పొర, ఉప్పు ఒక పొర, నడిమిట్ల పైపు. ఎర్తు తీగ దానికే రావాలె. ఇంటింటికి బ్రేకరు. దినాం చెంబెడు నీళ్లు, తప్పొద్దు." అతను బొమ్మ గీసి, పైపు మొన దగ్గర చిన్న సున్నా చుట్టి, దాని పక్కన ఒక మాట రాశాడు.

అరుంధతి వంగి చదివింది. "పసుపా? ఎర్తింగుకు పసుపెందుకన్నా? కరెంటుకు ఏమన్న పనికొస్తదా?"

"కరెంటుకు గాదు చెల్లె, ఆఫీసుకు. పసుపు లేకుంటె అది అనుమతి లేని తవ్వకం."